స్వెటర్ మెడ ఒత్తుకుంటుందా? షార్ట్ రో వేయండి

అక్కలూ, పిల్లల స్వెటర్లు అల్లేవాళ్లు ఒకసారి చూడండి. మెడ ముందు గొంతుకు ఒత్తుకుంటుందని చాలామంది అడుగుతున్నరు. వెనుక ఎత్తు చాలకనే అట్లయితది. వరుస చివరిదాక పోకుండ మధ్యలనే తిరిగి వెనక్కి అల్లుడే షార్ట్ రో. అల్లినకాడ ఎత్తు పెరుగుతది, మిగతా కుట్లు సూది మీద అట్లనే ఉంటయి. సాక్సు మడమ వంపు కూడ దీనితోనే వస్తది.

తిరిగినకాడ ఊరికె వదిలేస్తే సందు పడ్తది. నాకైతే జర్మన్ పద్ధతే నచ్చింది. అల్లిక తిప్పినంక ఊలు ముందుకు తెచ్చి, మొదటి కుట్టును అల్లకుండ, పర్ల్ (ఉల్టా కుట్టు) అల్లేటప్పటి లెక్క సూది పెట్టి కుడి సూది మీదికి జరపాలె. ఊలును సూది మీదికెళ్లి వెనక్కి గట్టిగ గుంజాలె. కుట్టు రెండు కాళ్లతోని, అంటే రెండు పోగులతోని నిలబడ్తది. పర్ల్ వరుసైతే ఊలు మళ్ల ముందుకు తేవాలె. తర్వాత ఆ కుట్టు కాడికి వచ్చినప్పుడు రెండు కాళ్లు కలిపి ఒకటిగ అల్లాలె. లెక్కల కూడ అది ఒక్క కుట్టే, ఇక్కడ జాగ్రత్త!

ప్రతిసారి ఒకే చోట తిరగొద్దు, రెండు మూడు కుట్లు జరగాలె. అప్పుడే వాలు నున్నగ వస్తది. నల్ల ఊలుల కాళ్లు కనపడవు, లేత రంగుతోని నేర్చుకోండి. ఆదివారం హన్మకొండల కలిసినప్పుడు సూదులు తెచ్చుకోండి, పక్కన కూసొని చూపిస్త.