మంత్రిగారూ, మా గుడిపాల బండ్లు వేలూరులో డీజిల్ ఎందుకు కొట్టిస్తున్నాయంటే

రాష్ట్ర ఆర్థిక, వాణిజ్య పన్నుల శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది చిత్తూరు జిల్లా గుడిపాల మండలం. పికప్ వ్యాన్ తోలుకుని బతుకుతున్నాను. వారానికి మూడు నాలుగు సార్లు వేలూరుకు, అప్పుడప్పుడు చెన్నై కోయంబేడు మార్కెట్‌కు కూరగాయలు వేసుకుపోతాను. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు బండిలో సరిహద్దు దాటేటంత డీజిలే ఉంచుకుంటాను. అవతల తమిళనాడు బంకులో ట్యాంకు నింపిస్తాను. తిరిగి వచ్చేటప్పుడు కూడా అక్కడే. ఆ బంకులో వరసలో నిలబడితే ముందూ వెనకా ఏపీ నంబరు బండ్లే.

దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచి వస్తుంది. ఆ ధర మీ చేతిలో లేదు. కేంద్రం ఎక్సైజ్ కూడా మీ చేతిలో లేదు, అయినా అది రెండు రాష్ట్రాలకూ ఒకటే. ధరలో తేడా వస్తున్నది ముఖ్యంగా రాష్ట్రాలు వేసే వ్యాట్ దగ్గర. మన దగ్గర డీజిల్‌పై 22.25 శాతం, పైన లీటరుకు 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. పెట్రోలుకైతే ఆ శాతం 31. తమిళనాడులో డీజిల్‌కు 11 శాతం, పైన లీటరుకు 9 రూపాయల 62 పైసలు. వాళ్లు శాతం తగ్గించి, రూపాయలు ఖాయం చేసుకున్నారు. బ్యారెల్ ధర పెరిగితే అక్కడ పన్ను కొంచెమే పెరుగుతుంది. మన దగ్గర దాంతోపాటే ఎగబాకుతుంది. ఎక్సైజ్ కలిసిన ధర మీదే రెండు చోట్లా వ్యాట్ కడతారు, మన శాతం ఎక్కువ కాబట్టి ఆ పన్ను మీద పన్ను కూడా మాకే ఎక్కువ.

నేనైతే తప్పించుకుంటున్నాను. మా చిన్నాయన తప్పించుకోలేడు. ఆయనకున్నది ట్రాక్టరు, దాన్ని వేసుకుని వేలూరు పోలేడు కదా. క్యాను పట్టుకుని మన బంకుకే పోతాడు. మామిడి కాలంలో బెంగళూరా కాయ లోడుతో ఒక గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రాత్రులు ఉన్నాడు. వరస కదిలినప్పుడల్లా స్టార్ట్ చేయడం, నాలుగు బారలు జరపడం, మళ్లీ ఆపడం. కాయ మెత్తబడుతోందని ఒక టెన్షన్, డీజిల్ ముల్లు కిందికి పోతోందని ఇంకో టెన్షన్. ఎక్కువ పన్ను కట్టింది ఊరు దాటలేని ఆ మనిషి. రోజూ మన రోడ్లు అరగదీసే నేను పక్క రాష్ట్రానికి కడుతున్నాను. ఇది నాకు బాగా లేదు.

2021 నవంబరులో కేంద్రం డీజిల్‌పై 10 రూపాయల ఎక్సైజ్ తగ్గించినప్పుడు కర్ణాటక తనవంతుగా ఇంకో 7 తగ్గించింది. మనం తగ్గించలేదు. అప్పుడున్నది మీ ప్రభుత్వం కాదు, కానీ ఆ రేట్లను ఇంకా మోస్తున్నది మేమే.

రాష్ట్రానికి డబ్బు అవసరమని తెలుసు. అయితే అవతల పోయించుకున్న లీటరుకు మనకు వచ్చేది సున్నా. గుడిపాల, నగరి, పలమనేరు, కుప్పం వైపు బంకుల అమ్మకాల లెక్కలు తెప్పించి బయటపెట్టండి. డీజిల్‌పై శాతాన్ని తమిళనాడు స్థాయికి దించి, మిగిలింది రూపాయల్లో ఖాయం చేయండి. మళ్లీ కాయ కోతలు మొదలయ్యేలోపు చేస్తే మా చిన్నాయన లాంటివాళ్లకు ఈ ఏడాదే అందుతుంది.

ఇట్లు,
గుడిపాల మండలం నుంచి ఒక వ్యాన్ డ్రైవరు