కరివేపాకు మొక్క మీద గొంగళిపురుగు

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, మా మనవరాలికి మూడున్నరేళ్ళు, గొంగళిపురుగు బొమ్మల పుస్తకం ఒకటుంది దానికి, రోజుకి నాలుగుసార్లు చదవమంటది, నాకు నోరు నొప్పెట్టి చివరికి ఆటలోకి దించేశాను. చింతగింజలు గుడ్లన్నమాట, లెక్కపెట్టి కొబ్బరాకు మీద పెట్టాలి, తర్వాత చాప మీద పాకడం, దుప్పట్లో చుట్టుకుని కదలకుండా పడుకోవడం (ఇది మాకూ హాయే), లేచి తువ్వాలు రెక్కల్తో ఎగరడం. కళ్ళు మూసి నిమ్మాకు ఏదో కరివేపాకు ఏదో వాసన చూసి చెప్పేస్తది.

మొన్న పెరట్లో కరివేపాకు మొక్క మీద నిజం పురుగే దొరికిందండి! చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉండి, పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుద్ది, ముట్టుకుంటే తల దగ్గర కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటు వాసన కొడతది. చీపురుతో దులపబోతే మనవరాలు ఒకటే ఏడుపు, ఇంక వదిలేశాం, మొక్క సగం బోడయ్యింది.

2020 జాతీయ విద్యావిధానంలో ఈ వయసోళ్ళకి ఆటపాటల్తోనే నేర్పాలని ఉంది, ఇక్కడ కాన్వెంటోళ్ళేమో అప్పుడే ఏబీసీడీలు దిద్దిస్తున్నారు. మీ ఆదివారం పిల్లల పేజీలో అన్నీ పెద్దోళ్ళ పజిల్సే, బుడ్డోళ్ళకీ ఓ బొమ్మల కథ, దాంతోపాటు ఇంట్లో ఆడించే ఆట ఒకటి వెయ్యండి, కాస్త పెద్ద బొమ్మలేయండి, నాక్కూడా కళ్ళజోడు లేకుండా కనపడాలి.

- ఓ అమ్మమ్మ, కోనసీమ