జీపు గురించి కాదులే

చి. బుజ్జమ్మకు,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు కూడా అక్కడ క్షేమమని తలుస్తాను. తలుస్తానని ఎందుకంటున్నానంటే, ఆ మాట నీ నోటితో విని పద్దెనిమిది రోజులైంది. ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా నాన్నా, మళ్లీ చేస్తా" అని మెసేజ్ వస్తోంది. ఆ మళ్లీ ఇంకా రాలేదు. వాట్సప్‌లో నీలం గీతలు మాత్రం ఠంచనుగా పడుతున్నాయి. సరే, మీ అమ్మ ఎలాగూ పార్సిల్ కడుతోంది కదా, అందులో ఒక కాగితం కూడా పడేద్దామని కూర్చున్నాను. పనిగట్టుకుని రాయాల్సిన సంగతులేమీ లేవు.

పండగ బాగానే జరిగింది. మీ అమ్మ మోకాళ్లు నొప్పులంటూనే అరిసెలు వండింది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాం. గంగలకుర్రువాళ్ల ప్రభ కౌశిక కాలువ దాటేటప్పుడు జనం పీకల్లోతు నీళ్లలో దిగి "అశ్శరభ శరభ" అంటుంటే, చిన్నప్పుడు నువ్వు జీపు బానెట్ మీద నిలబడి, నా నెత్తి పట్టుకుని ఊగిపోయేదానివి, అది గుర్తొచ్చింది. జీపు నీ దగ్గరే ఉంది కదా, ఈసారి చిన్నోడి కారులో వెళ్లాం. కారు బానెట్ మీద ఎవరూ నిలబడరు, సొట్ట పడుతుందట.

నువ్వు సంక్రాంతికి ఆఫీసులో పని ఉందన్నావు. ఉండే ఉంటుంది.

మొన్న మండపేట పెళ్లిలో మీ బుల్లిమావయ్య కలిశాడు. ముక్కనుమ నాడు వాళ్లంతా మారేడుమిల్లి వెళ్లారట. "బావా, ఘాట్‌లో అచ్చం మీ జీపులాంటిదే చూశాను. పచ్చ రంగు. వెనక రేకు మీద శ్రీ కోటిపల్లి సోమేశ్వరా అని రాసుంది. ముందు చక్రాల్లోంచి పొగలు వస్తుంటే కుర్రాళ్లు బాటిళ్లతో నీళ్లు కొడుతున్నారు" అన్నాడు. ఆ రాత గోదావరి జిల్లాల్లో ఎన్ని బళ్ల మీద లేదూ అన్నాను. వాడు లడ్డూ చిదుపుకుంటూ నా మొహంలోకి చూశాడు. నేను పప్పు వడ్డించేవాణ్ని పిలిచాను.

అది అక్కడితో వదిలేద్దాం. కొబ్బరికాయ ధర ఈ నెల కాస్త కోలుకుంది గానీ చెట్టుకి కాపేదీ? తెల్లదోమ పట్టి ఆకుల మీదంతా నల్ల మసి. చెరువు గట్టు మీద తాతయ్య పాతిన పదకొండు చెట్లకీ మోటారు పెట్టి నీళ్లతో ఆకులు కడిగిస్తున్నాను. చిన్నోడు నవ్వుతున్నాడు, చెట్లకి స్నానాలేంటని. నవ్వనీ.

నిన్న రావులపాలెంలో అరటి గెలల డబ్బులు రావాల్సి ఉంటే వెళ్లాను. దారిలోదే కదా అని మన షెడ్డు బాబాయి దగ్గర దిగాను. ఊరికే కబుర్లలో, మా స్నేహితుడొకాయన పాత జీపుకి ముందు డ్రమ్ము బ్రేకులు తీసేసి డిస్కు బ్రేకులు వేయించాడు, వాటిలోంచి పొగెందుకు వస్తుందని అడిగాను. ఆయన చేతిలో స్పానర్ కింద పెట్టి, "మాస్టర్ సిలిండర్ కూడా మార్చమని బుజ్జమ్మ గారికి నవంబర్లోనే చెప్పానండీ. మార్చారో లేదో మరి" అన్నాడు. స్నేహితుడి ముచ్చట అంతటితో సరి.

తర్వాత ఆయన మూలనున్న డబ్బాలో వెతికి పాత మాస్టర్ సిలిండర్ ఒకటి తీశాడు, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసేది అదే. పిన్ను ఊడదీసి, పిస్టనూ స్ప్రింగూ బయటికి లాగి, ఆఖర్న అడుగు నుంచి గోరంత రబ్బరు ముక్క ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. నల్లగా, నూనె జిడ్డుతో, మెత్తగా ఉంది. ఇన్నేళ్లు ఆ జీపు నడిపాను, అది ఉందని నాకు తెలీదు. డ్రమ్ముల బండిలో పెడల్ వదిలాక కూడా పైపుల్లో కొంచెం ప్రెషర్ మిగిలి ఉండాలట, పది పౌన్లో ఎంతో. లేకపోతే చక్రాల దగ్గరుండే వీల్ సిలిండర్ల రబ్బరు కప్పుల పక్కనుంచి గాలి దూరుతుంది. డ్రమ్ముని లోపల్నుంచి పట్టే షూలని వెనక్కి లాగడానికి గట్టి స్ప్రింగులుంటాయి కాబట్టి ఆ ప్రెషర్ వాటిని ఏమీ చేయదు. డిస్కుకి ఆ స్ప్రింగులు లేవు. అదే మాస్టర్ ఉంచేస్తే ప్యాడ్లు డిస్కుని వదలవు, రాసుకుంటూనే ఉంటాయి. ఊళ్లో తిరిగితే తెలియదు, మైలేజీ తగ్గిందనుకుంటాం. ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది. డిస్కు కాలుతుంది, ప్యాడ్లని నొక్కే కాలిపర్ కాలుతుంది, లోపలి బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది. ఇక పెడల్ తొక్కితే బుడగలు నలుగుతాయి, బండి ఆగదు.

నువ్వు ఇంజనీరువి, నీకివన్నీ నాకంటే బాగా తెలుసు. అయినా రాస్తున్నాను.

అసలు బ్రేకు పట్టకపోవడం అంటే ఏమిటో నాకు ఒకసారి తెలిసొచ్చింది. నీకెప్పుడూ చెప్పలేదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను. నీకప్పుడు పదకొండు నెలలు. సావిట్లో పెంకులన్నీ లేచిపోయాయి, నిన్ను భోషాణం కింద దూర్చి మీ అమ్మ తెల్లవార్లూ పక్కనే కూర్చుంది. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లన్నీ ఒకే వైపు దువ్వినట్టు పడున్నాయి. కరెంటు లేదు. గేదె చచ్చిపోయింది. నీ పాలడబ్బా అడుగంటింది, ముక్తేశ్వరం కొట్లలో లేదన్నారు. రామచంద్రపురంలో దొరుకుతోందని ఎవరో చెబితే పదో రోజున నేనూ తాతయ్యా జీపులో బయలుదేరాం.

రేవు ఇంకా అర కిలోమీటరుందనగా రోడ్డు మీద మోకాటి లోతు నీళ్లు. మెల్లగా దాటించాను, గొప్పగానే అనిపించింది. దాటాక ఆగి చూసుకోవద్దూ? చూసుకోలేదు. బళ్లని అవతలికి దాటించే పంటు కదులుతోందని సరంగు కేకేస్తున్నాడు, తిన్నగా రేవులోకి దింపేశాను. మన ఊళ్లో దిగుడంటే గోదారి గట్టూ, రేవూ, అంతే కదా. సగం దిగాక బ్రేకు తొక్కాను. పెడల్ రాయిలా గట్టిగా ఉంది. బండి మాత్రం పోతూనే ఉంది. డ్రమ్ముల నిండా నీళ్లు, షూలు వెన్న మీద జారినట్టు జారుతున్నాయి. రెండు కాళ్లతో తొక్కాను. ముందు చక్రాలు బల్లల మీదికి ఎక్కేశాయి. పంటు మీద పాలకేన్లవాళ్లు ఇద్దరు, ఒక దూడ, సైకిలు పట్టుకుని ఒక పంతులుగారు. పంతులుగారు సైకిలు వదిలేసి రెయిలింగు తాడు పట్టుకున్నారు. ఆ చివర తాడు, తాడు అవతల గోదారి. ఇంతలో సరంగు దగ్గరుండే కుర్రాడు, పదిహేనేళ్లుంటాయేమో, చక్రాలకి అడ్డం పెట్టే తుమ్మచెక్క ఎత్తి చక్రం కిందికి తోశాడు. బండి దాని మీదికి ఒక అంగుళం ఎక్కి వెనక్కి వాలి ఆగింది. బంపరుకీ తాడుకీ మధ్య జానెడు.

తాతయ్య పక్క సీట్లోనే ఉన్నాడు. కదల్లేదు. ఆరిపోయిన చుట్ట తీసి మళ్లీ ముట్టించి, "ముందు పిల్ల పాలు చూడరా, తిట్లు తిరిగొచ్చాక" అన్నాడు. తిరిగొచ్చాక కూడా తిట్టలేదు. అది మరీ కష్టంగా ఉండింది. మర్నాడు నాలుగు చక్రాలూ విప్పించాడు. డ్రమ్ము ఊడదీస్తే గుప్పెడు ఒండ్రు రాలింది, అందులో ఒక నత్తగుల్ల. నీళ్లు దాటాక పెడల్ మీద కాలు ఆనించి కాస్త దూరం నడిపితే షూలు వేడెక్కి ఆరతాయని అప్పుడు చెప్పాడు, అంతే.

ఈ సంగతి మీ అమ్మకి ఇప్పటికీ తెలీదు. నేను చెప్పలేదు, తాతయ్య చెప్పలేదు.

అందుకే నువ్వు డిస్కులు వేయిస్తానన్నప్పుడు నేను వద్దనలేదు, గుర్తుందా. నీళ్లని డిస్కు రెండు తిరుగుళ్లలో విదిలించేస్తుంది. వేడి కూడా గాలికి త్వరగా పోతుంది. బ్రేకు కొడితే బరువంతా ముందుకే వాలుతుంది కాబట్టి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు చాలు. బొలెరోకీ అంతే కదా. చెయ్యడం మంచిదే. సగం చేసి వదలడమే నాకు భయం.

ఇప్పుడు నాకు ఒక్క సంగతి రాయి. పెడల్ గట్టిగా ఉండి బండి ఆగలేదా, లేక పెడలే మెత్తగా లోపలికి దిగిపోయిందా? గట్టిగా ఉంటే ఒక రోగం, మెత్తగా ఉంటే ఇంకో రోగం. నీ జీపు సంగతే అనుకోనక్కర్లేదు, మామూలుగానే అడుగుతున్నాను.

షెడ్డు బాబాయి చెప్పినవి కొన్ని నా చీటీలో ఉన్నాయి. కాలిపర్లు బిగించేటప్పుడు గాలి తీసే నిప్పిలు పైకి ఉందో లేదో చూడు. కుడిది ఎడమకీ ఎడమది కుడికీ వేస్తే నిప్పిలు కిందికి వస్తుంది, గాలి పైనే ఉండిపోతుంది, ఎన్ని లీటర్ల ఆయిల్ పోసినా పెడల్ స్పాంజిలాగే ఉంటుందట. గాలి తీయడం మాస్టర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. స్టీరింగు రెండు పక్కలా చివరంటా తిప్పి, రబ్బరు హోసు ఎక్కడా లాక్కోవడం లేదని కళ్లతో చూడు, చేత్తో తడుము. మాస్టర్ ఎలాగూ మారుస్తావు కాబట్టి (మారుస్తావు) రెండు అరలది వేయించు. మన పాతదానికి ఉన్నది ఒకటే లైను, ఒక హోసు పగిలితే నాలుగు చక్రాలూ పోతాయి. పైగా మన మాస్టర్ ఉండేది కాళ్ల కింద రేకు అడుగున, కాలిపర్లకంటే పల్లంలో. కొత్తది కూడా అక్కడే పెడితే ఆయిల్ వెనక్కి జారకుండా రెండు పౌన్ల వాల్వు చిన్నది లైన్లో వేయాలట. డిస్కుకి అది చాలు, పది పౌన్లది మాత్రం ఉండకూడదు.

కాలి బలానికి తోడు నిలిచే బూస్టర్ ఇంకో తలనొప్పి. డ్రమ్ములో షూ తిరుగుడుకి తనంతట తనే బిగుసుకుంటుంది, డిస్కుకి ఆ సుఖం లేదు, అంతా కాలి బలమే. నీ కాలు నాకు తెలుసు, ముప్పై ఆరు సైజు చెప్పు. బూస్టర్ కావాలి. 78లో తాతయ్య కొన్న పెట్రోలు ఇంజనే ఉండుంటే దాన్ని నడిపే వ్యాక్యూమ్ ఊరికే దొరికేది. డీజిల్ ఇంజను ఎక్కించాం కదా, అందులో ఆ పీల్చే శక్తి ఉండదు, డైనమో వెనక వ్యాక్యూమ్ పంపు ఉన్నది వేయించాలి. ఒకటి గుర్తుంచుకో, ఇంజను ఆగిపోతే బూస్టర్ రెండు మూడు తొక్కుళ్లకే ఖాళీ అవుతుంది. డీజిల్ మిగులుతుందని దిగుడులో ఇంజను ఆపి న్యూట్రల్లో వదిలే వెధవ అలవాటు మీ బుల్లిమావయ్యది, నీకు రాకూడదు. ఏ గేర్లో ఎక్కామో ఆ గేర్లోనే దిగాలి.

కాలిన చక్రం మీద నీళ్లు పోయకూడదు. డిస్కు వంకర తిరుగుతుంది, డ్రమ్మైతే బీటలిస్తుంది. ఆపి, చక్రాలకి అడ్డం పెట్టి, గంట కూర్చోవాలి. మారేడుమిల్లిలో కూర్చోవడానికి చోటు లేకా? టీ తాగొచ్చు. ఇంటికి ఫోన్ చేయొచ్చు.

ఆయిల్ ఏది పోశావు? డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది, చెమ్మ పీల్చుకున్నాక 140కే మరుగుతుందట. డాట్ 4 నయం. విశాఖలో సముద్రపు గాలి, మూత తీసిన డబ్బా మళ్లీ వాడకు, ముప్పావు మిగిలినా పారెయ్. పారేసేటప్పుడు బండి రంగు మీద పడనీయకు, ఊడిపోతుంది. ఇంకొకటి, పాత షూల దుమ్ము గాలి కొట్టి ఊదొద్దు, అందులో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ఊపిరితిత్తులకి చెడ్డది. తడిగుడ్డతో తుడవాలి. మూతికి గుడ్డ కట్టుకో. చిన్నప్పుడు నీకు ఆయాసం ఉండేది.

ఆర్‌సీ సంగతి కూడా చూసుకో. కంపెనీ ఇచ్చిన రూపం మార్చితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అంటారు. రెన్యువల్ వచ్చేలోపు ఆర్టీఓ ఆఫీసులో అడిగి తెలుసుకో, ఏజెంటు మాట వినకు.

చూడు, జీపు గురించి రాయకూడదనుకుని మొదలుపెట్టాను. మీ అమ్మ రెండుసార్లు వచ్చి ఏం రాస్తున్నారంతసేపు అంది. కొబ్బరికాయ ధర అన్నాను.

బుల్లిమావయ్య చూసింది నీ జీపే అయినా నేను కోప్పడను. రామచంద్రపురం ప్రయాణం నేను దాచలేదూ? నువ్వు నాకు చెబితే నా దగ్గరే ఉంటుంది. పండగకి ఎందుకు రాలేదని కూడా అడగను. దెబ్బలేమైనా తగిలాయా, అది ఒక్కటి చెబితే చాలు.

పార్సిల్ రేపు పొద్దున్న బస్సులో వేయిస్తాను. రసీదు ఫోటో పంపుతాను, నీలం గీతలు కాదు, "తీసుకున్నాను" అని రాయి. ఆత్రేయపురం పూతరేకులు రెండు డబ్బాలు ఉన్నాయి, బెల్లంవి నీకు, పంచదారవి ఇంటి ఓనరు గారికి. అరిసెలు స్టీలు గిన్నెలో. అడుగున గోనెగుడ్డలో చుట్టినవి రెండు తుమ్మచెక్కలు. మన వడ్రంగి చేత ఏటవాలుగా కోయించాను. రెండింటినీ ఒకే తాడుకి కట్టాను, ఒకటి తీసి ఇంకొకటి మర్చిపోకుండా. అవి ఏమిటని మీ అమ్మ అడిగితే తలుపుకి పెట్టుకోవడానికని చెప్పాను. నువ్వూ అదే చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న