రొయ్యల సుంకమే కాదు, ఆ ఒప్పందాల్లో మన పుస్తకాలూ ఉన్నాయి

సంపాదకులకు నమస్కారం.

విదేశాలతో వాణిజ్య ఒప్పందం అనగానే మన నెల్లూరు జిల్లాలో అందరి చూపూ రొయ్యల మీదికి పోతుంది. అల్లూరు, బోగోలు, ఇందుకూరుపేట చెరువుల దగ్గర వంద కౌంటు (కిలోకు వంద తూగే) వనామీ రొయ్య ధర పెరుగుతుందా, పడిపోతుందా అన్నదే మాట. 2025 జులై 24న బ్రిటన్‌తో ఒప్పందం మీద సంతకాలు జరిగినప్పుడూ అంతే. సుంకం పోతుందన్న వార్త చదివి మా వీధిలో రొయ్యలు సాగు చేసేవారు సంతోషించారు. నేనూ సంతోషించాను. కానీ అదే ఒప్పందంలో కాపీరైట్, పేటెంటు వంటి మేధోసంపత్తి హక్కుల మీద ఒక పూర్తి అధ్యాయం ఉందని చెప్పినవారు నాకు ఒక్కరూ కనిపించలేదు. సంతకాలు అయ్యేదాకా ఆ ఒప్పందాన్ని పూర్తిగా మన ముందు పెట్టనూ లేదు.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో తెలుగు చెప్పి కావలిలో స్థిరపడినవాణ్ని. కాపీరైట్ సంగతి నాకెందుకని కొందరు మిత్రులు అడిగారు. రెండు అనుభవాలు చెబుతాను.

మా మనవరాలు త్యాగరాజ ఆరాధన రోజున మా ఊరి గుడిలో పంచరత్న కీర్తన ఒకటి పాడింది. పక్కవాద్యం మా పక్కింటి అబ్బాయి మృదంగం. మా అబ్బాయి దాన్ని ఫోనులో తీసి ఒక వీడియో సైటులో పెట్టాడు. పూట గడవకముందే శబ్దం ఆగిపోయింది. ఆ పాట ఒక సంగీత సంస్థ ఆస్తి అని, వారి ఫిర్యాదు వల్ల ఆపేశామని ఒక సందేశం వచ్చింది. త్యాగయ్య 1847లో సిద్ధి పొందారు. ఆయన కీర్తన ఎవరి ఆస్తీ కాదు. ఏ సంస్థో విడుదల చేసిన రికార్డింగు దానిదే కావచ్చు, కానీ మా పిల్ల గొంతు మా పిల్లదే. అభ్యంతరం రాసి పంపాం. దాన్ని పరిశీలించి తీర్పు చెప్పేది ఎవరయ్యా అంటే ఫిర్యాదు చేసిన ఆ సంస్థే! నెల రోజుల తరువాత శబ్దం తిరిగి వచ్చింది. తప్పయిందని గానీ, ఎందుకు ఆపారని గానీ ఒక్క ముక్క చెప్పలేదు. పన్నెండేళ్ల పిల్ల ఆ నెలంతా "నేనేం దొంగతనం చేశాను తాతయ్యా?" అని అడుగుతూనే ఉంది.

రెండోది 2017 ఆగస్టు నాటిది. పాత తెలుగు పుస్తకాలు వెతికేవారికి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత డిజిటల్ గ్రంథాలయం ఎంత ఆధారమో తెలుసు. ఏ గ్రంథాలయంలోనూ దొరకని పుస్తకాలు, చెదలు తినగా మిగిలిన పత్రికల సంపుటాలు అందులో వేలకొద్దీ ఉన్నాయి. ఒకరోజు తెరిస్తే, ప్రభుత్వ ఆదేశాల మేరకు ఈ సైటును నిలిపివేశామన్న ప్రకటన కనిపించింది. విచారిస్తే తెలిసింది: కొత్త హిందీ సినిమాల దొంగ ప్రతులను అడ్డుకోవడానికి నిర్మాతలు మద్రాసు హైకోర్టు నుంచి తెచ్చుకున్న ఉత్తర్వుల్లో రెండు వేలకు పైగా సైట్ల పేర్లు ఉన్నాయట. వాటిలో ఈ గ్రంథాలయం కూడా చేరిపోయింది. గ్రంథాలయం వారికి ముందుగా నోటీసు లేదు, వాదన వినిపించుకునే అవకాశం లేదు. తరువాత ఆ నిషేధం తొలగించారు, నిజమే. అయినా సినిమాల కోసం ఒక గ్రంథాలయానికి తాళం వేయగలిగారు.

ఈ రెండింటిలోనూ ఉన్నది ఒకే పద్ధతి. ఆరోపించినవాడి మాటే తీర్పు అవుతుంది. ఎదుటివాడు తన మాట చెప్పుకునే లోపే శిక్ష పడిపోతుంది. దీన్ని దేశాల మధ్య ఒప్పందాలుగా మార్చే ప్రయత్నం చాలా కాలంగా నడుస్తోంది కాబట్టే ఈ లేఖ.

అందులో పెద్దది 'ఆక్టా'. నకిలీ సరుకుల నిరోధక వాణిజ్య ఒప్పందం అని దాని పేరు. పేరు వింటే నకిలీ మందులు, నకిలీ విడిభాగాలు గుర్తుకొస్తాయి, ఎవరు కాదంటారు? లోపల మాత్రం ఇంటర్నెట్ కోసం ప్రత్యేక భాగం ఉంది. అమెరికా, జపాన్, ఐరోపా సమాఖ్య, మరికొన్ని దేశాలు కలిసి 2008 నుంచి ప్రపంచ వాణిజ్య సంస్థకు బయట, తలుపులు మూసుకుని చర్చలు జరిపాయి. ముసాయిదాను అధికారికంగా బయటపెట్టింది 2010 ఏప్రిల్‌లోనే, అదీ ముసాయిదా ప్రతులు బయటికి పొక్కి గొడవ అయ్యాక. హక్కుదారులు, ఇంటర్నెట్ కంపెనీలు పరస్పరం 'సహకరించుకునేలా' ప్రభుత్వాలు ప్రోత్సహించాలని అందులో రాశారు. మా మనవరాలి పాట ఆగిపోయింది ఇటువంటి సహకారం వల్లనే. కాపీరైట్ ఉల్లంఘించాడన్న ఆరోపణ ఉన్న ఇంటర్నెట్ చందాదారుడి వివరాలు త్వరగా ఇప్పించే అధికారం గురించి కూడా అందులో ఉంది.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది 'వాణిజ్య స్థాయి' అన్న మాటకు వారిచ్చిన అర్థం. మేధోసంపత్తి హక్కుల మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో 1995 నుంచి అమలులో ఉన్న ట్రిప్స్ ఒప్పందం ప్రకారం, తెలిసి చేసిన ఉల్లంఘన వాణిజ్య స్థాయిలో జరిగితే క్రిమినల్ శిక్షలు ఉండాలి. ఆక్టా దానికి ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ ఆర్థిక లాభం కోసం చేసే వాణిజ్య పనులన్నిటినీ చేర్చింది. మా కళాశాల గేటు ఎదుట పేజీకి రూపాయి చొప్పున తీసుకునే జిరాక్స్ దుకాణదారుడు ఈ అర్థంలో ఎక్కడ ఉంటాడు? మన దేశంలో కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. 64వ సెక్షన్ ప్రకారం సబ్ ఇన్‌స్పెక్టరు స్థాయి అధికారి వారంటు లేకుండానే ప్రతులను స్వాధీనం చేసుకోవచ్చు. ఆ నేరం బెయిలుకు వీలులేనిదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంత కఠినమైన చట్టం ఉన్న చోట నేరం అన్న మాటకు అర్థాన్ని ఇంకా సాగదీస్తే, ఆ దుకాణదారుడి మెడ మీద కత్తి పెట్టినట్టే.

ఆ దుకాణదారుడికి నేడు రక్షణ, బోధన వంటి అవసరాలకు మినహాయింపులిచ్చే అదే చట్టంలోని 52వ సెక్షన్. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ అనే మూడు ప్రచురణ సంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయం మీద, అక్కడి ఒక జిరాక్స్ దుకాణం మీద కేసు వేశాయి. పాఠ్యాంశాలకు అవసరమైన అధ్యాయాలను కలిపి విద్యార్థులకు అమ్మడం వారి ఫిర్యాదు. 2016 సెప్టెంబరులో హైకోర్టు ఆ కేసు కొట్టివేస్తూ, కాపీరైట్ దేవుడిచ్చిన హక్కూ కాదు, సహజ హక్కూ కాదు అన్నది. డిసెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం కొన్ని అంశాలను మళ్లీ విచారించమన్నా, బోధనకు అవసరమైన ప్రతులకు చట్టంలో చోటుందన్న మూలసూత్రాన్ని నిలబెట్టింది. మరుసటి ఏడు ప్రచురణకర్తలే కేసు వెనక్కి తీసుకున్నారు. ఉదయగిరి నుంచో కొండాపురం నుంచో వచ్చి హాస్టల్లో ఉండి చదివే పిల్లవాడు రెండు వేల రూపాయల పుస్తకం కొనగలడా? ఆ సెక్షన్ మన పార్లమెంటు మనకోసం రాసుకున్నది. దాన్ని కుదించే షరతు ఏ ఒప్పందంలోనైనా చేరితే, తరువాత ఏ హైకోర్టు ఆ పిల్లవాణ్ని కాపాడుతుంది?

రచయితల కష్టం నాకు తెలియనిది కాదు. నేను రాసిన వ్యాకరణ పుస్తకాన్ని ఒకరు పేరు మార్చి అచ్చు వేసి అమ్ముకున్నప్పుడు ఎంతో బాధపడ్డాను. అటువంటివారి మీద కేసు పెట్టాలి, శిక్ష పడాలి. కానీ దొంగను పట్టుకోవడానికి ఊరందరి ఇళ్లూ సోదా చేయమని నేను అడగను. తాటాకుల కాలంలో ప్రతి రాసినవాడే కావ్యాన్ని కాపాడాడు. తిక్కన భారతం మనదాకా వచ్చింది ఎందరో పేరు తెలియని లేఖకుల చేతుల మీదుగానే.

ఐరోపాలో జనం ఊరుకోలేదు. 2012 జనవరిలో పోలండ్ నగరాల్లో ఎముకలు కొరికే చలిలో యువకులు వీధుల్లోకి వచ్చారు. ఆక్టా మీద ఐరోపా పార్లమెంటుకు నివేదిక ఇవ్వాల్సిన సభ్యుడు కాదర్ ఆరిఫ్, సమాఖ్య సంతకం చేసిన రోజునే, చర్చలు జరిగిన తీరును ఖండిస్తూ ఆ బాధ్యత నుంచి తప్పుకున్నారు. జులై 4న ఆ పార్లమెంటు 478 ఓట్లతో ఒప్పందాన్ని తిరస్కరించింది; అనుకూలంగా పడినవి 39. చివరికి దాన్ని ఆమోదించిన దేశం జపాన్ ఒక్కటే.

మన దేశం ఆక్టాలో చేరలేదు; 2010లో ప్రపంచ వాణిజ్య సంస్థలో గట్టిగా అభ్యంతరం చెప్పింది. అంతకుముందే, 2008 చివర్లో, హైదరాబాద్ కంపెనీ ఒకటి బ్రెజిల్‌కు పంపిన రక్తపోటు మందును దారిలో నెదర్లాండ్స్ అధికారులు ఆపేశారు. అది పేటెంటు వివాదం. అయినా, పంపిన దేశంలోనూ చేరాల్సిన దేశంలోనూ చట్టబద్ధమైన సరుకును మధ్యలో ఆపగలిగితే, అమలు అధికారం ఎంత దూరం పోతుందో తెలుస్తుంది.

ఒప్పందాలన్నిటినీ వ్యతిరేకించమని నేననడం లేదు. 2013లో మరకేష్‌లో కుదిరిన ఒప్పందం, చూపులేనివారి కోసం పుస్తకాలను బ్రెయిలీలోకి, శ్రవ్యరూపంలోకి మార్చుకోవడానికి దారి తెరిచింది. దాన్ని అందరికన్నా ముందు, 2014లో, ఆమోదించిన దేశం మనదే. ఆ చర్చల్లో అంధుల సంఘాలు పాల్గొన్నాయి. వారానికి రెండు రోజులు అంధ విద్యార్థుల కోసం పాఠాలు చదివి రికార్డు చేస్తున్నవాడిగా, ఆ మేలు ఎంతటిదో నాకు తెలుసు.

తేడా అంతా ఎవరు కూర్చుని రాశారన్న దగ్గరే ఉంది. ఐరోపా పార్లమెంటుకు కాదనే అధికారం ఉంది. మన దగ్గర ఒప్పందం మీద సంతకం చేయడానికి ప్రభుత్వానికి పార్లమెంటు ఆమోదం అక్కర్లేదు. చట్టం మార్చాల్సి వచ్చినప్పుడే విషయం సభకు వస్తుంది. అప్పటికి మాట ఇచ్చేసి ఉంటాం. కాబట్టి నెల్లూరు, ఒంగోలు పార్లమెంటు సభ్యులను నేను కోరేది ఇది. కాపీరైట్ అమలు ఉన్న ఏ ఒప్పందమైనా సంతకానికి ముందే పార్లమెంటు స్థాయీ సంఘం ముందుకు రావాలని సభలో అడగండి. ఎదుటివారి మాట వినకుండా సైటును మూయించడం, చందాదారుడి వివరాలు తీసుకోవడం కుదరదని అందులో రాయించండి.

మీకు ఒక విన్నపం. ఒప్పందం కుదిరినప్పుడల్లా మీరు రొయ్యల సుంకాల పట్టిక వేస్తున్నారు, మంచిదే. ఆ పక్కనే మేధోసంపత్తి అధ్యాయం సారాంశం తెలుగులో వేయండి. దాన్ని తెలుగు చేసే పని నేను ఉచితంగా చేసి ఇస్తాను.

ఇట్లు,
విశ్రాంత తెలుగు అధ్యాపకుడు,
కావలి, నెల్లూరు జిల్లా