పోర్ట్ ఐజాక్ రేవులో హైలెస్సా

ఒరేయ్ సత్తిబాబూ,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి రెండు నెలలు పట్టింది. తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. ఈసారి మాత్రం చెప్పడానికి చాలా సరుకుంది.

మొన్న శుక్రవారం డ్యూటీ లేదని అందరం ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ ఉత్తర తీరంలో పోర్ట్ ఐజాక్ అనే ఊరికి వెళ్లాం. కారు కొండ మీదే వదిలేసి నడిచి దిగాలి. ఇళ్ల మధ్య ఒక సందు ఉంది, దాని పేరుకి అర్థం 'పొట్ట నొక్కే సందు'. నేను పక్కకి తిరిగి ఊపిరి బిగబట్టి దూరుతుంటే మా చిన్నది వెనక నుంచి నెట్టింది. మా ఆవిడ ఫొటో కూడా తీసింది, నీకు మాత్రం పంపను.

సాయంత్రం రేవు దగ్గర జనం చేరారు. పడవలు ఒడ్డుకి లాగే ఆ చదును చోటుని 'ప్లాట్' అంటారు. స్టేజీ లేదు. కొంతమంది పెద్దవాళ్లు బీరు గ్లాసులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. ఒకాయన గొంతెత్తి ఒక్క లైను పాడాడు, మిగతావాళ్లు దబ్బున అందుకున్నారు. ఒరేయ్, నా ఒళ్లు జలదరించింది! నాకు ఉప్పాడే కనిపించింది. అలివి వల లాగుతూ మీ పెదనాన్న ముందు పాడితే, అటూ ఇటూ తాళ్లు పట్టుకున్నవాళ్లు 'హైలెస్సా' అని ఊగేవాళ్లు కదా, అచ్చం అదే.

వీటిని షాంటీలు అంటారు. తెరచాప ఓడల కాలంలో సరుకు ఓడల వాళ్లు పని కోసం పాడుకున్న పాటలు. పాటగాడు లైను అందిస్తాడు, జవాబు పాడేటప్పుడు అందరూ ఒకే దెబ్బలో తాడు లాగుతారు. తెరచాప ఎత్తడానికి ఒక రకం, లంగరు పైకి చుట్టడానికి ఇంకో రకం. మంచి పాట ఉంటే తాడు మీద పదిమంది ఉన్నట్టేనని నావికుల మాట. ఆసక్తి కలిగించేది ఏంటంటే, వీటిలో చాలా వాటికి అమెరికా రేవుల్లో, కరీబియన్‌లో సరుకులు మోసిన నల్లజాతి కూలీల పాటలే మూలం. ఇంగ్లీషు పాటలని మనం అనుకుంటాం గానీ, సముద్రానికి ఊరూ పేరూ ఏముంది చెప్పు. ఆవిరి ఓడలు వచ్చాక తాడు లాగే పనే పోయింది, పాట మిగిలింది.

ఈ గుంపు పేరు ఫిషర్‌మన్స్ ఫ్రెండ్స్. గొంతు గరగరకి 'ఫిషర్‌మన్స్ ఫ్రెండ్' అనే ఘాటు బిళ్లలు దొరుకుతాయి ఇక్కడ, 1865 నుంచీ ఉన్నాయి. పేరు ఆ బిళ్లల మీద చమత్కారం. 1990లలో మొదలెట్టారు, పదిమంది. అందరూ జాలర్లేమీ కాదు. చేపలు పట్టేవాళ్లతో పాటు ఒక కుమ్మరి, ఒక మేస్త్రీ, ఒక దుకాణందారు, సముద్రంలో చిక్కుకున్నవాళ్లని కాపాడే లైఫ్‌బోటు వాలంటీర్లు. వాళ్లలో ముగ్గురు బ్రౌన్ అన్నదమ్ములు. శుక్రవారం సాయంత్రం కలుసుకోవడానికి ఒక సాకు కావాలి, అంతే. మనం సాయంత్రాలు పిఠాపురం నుంచి సైకిలేసుకుని ఉప్పాడ వచ్చి మీ ఇంటి అరుగు మీద కూచున్నట్టు. టోపీ తిప్పితే వచ్చిన డబ్బులు లైఫ్‌బోటు లాంటి వాటికి ఇచ్చేవాళ్లు.

తర్వాత సెలవులకి వచ్చిన బీబీసీ రేడియో వ్యాఖ్యాత జానీ వాకర్ చెవిన పడింది వీళ్ల పాట (పేరు చూసి నవ్వకు, అది ఆయన రేడియో కోసం పెట్టుకున్న పేరు). 2010లో యూనివర్సల్ అనే రికార్డుల కంపెనీ వాళ్లు ఒప్పందం చేసుకున్నారు, ఆల్బం బ్రిటన్ ఆల్బమ్‌ల అమ్మకాల జాబితాలో 9వ స్థానానికి ఎక్కింది. 2011లో గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో పెద్ద వేదిక మీద పొద్దున్నే వీళ్లు పాడారు. అదే వేదిక మీద ఆ రాత్రి అమెరికా పాప్ గాయని బియాన్సే! 2019లో వీళ్ల మీద సినిమా కూడా వచ్చింది. సినిమా సంగతి నేను ఎక్కువ చెప్పను, నాకు ఒడ్డున విన్న పాటే ఎక్కువ నచ్చింది.

అన్నీ సంబరాలే కాదురా. 2013లో గిల్డ్‌ఫర్డ్ అనే ఊళ్లో కచేరీకి ముందు బరువైన ఇనుప తలుపు మీద పడి వాళ్లలో ఒకరైన ట్రెవర్ గ్రిల్స్, ప్రోగ్రాం నిర్వాహకుడు పాల్ మెక్‌మలెన్ చనిపోయారు. కొన్నాళ్లు పాట ఆగిపోయింది. ఏళ్ల తరబడి స్నేహం, రోజూ ఎదురుపడే మనిషి. మళ్లీ ఎలా గొంతు కలిపారో! నెమ్మదైన పాట ఒకటి పాడుతున్నప్పుడు చుట్టూ ఉన్న ఊరివాళ్లు గ్లాసులు కిందపెట్టేశారు. ఎందుకో నేను అడగలేదు.

చివరి పాటకి జనమంతా జవాబు అందుకున్నారు. నేనూ అరిచాను, పక్కనున్న ముసలాయన నా భుజం తట్టి గ్లాసు ఎత్తాడు. ఈలోగా సీగల్ పక్షి వచ్చి మావాడి చేతిలో చిప్స్ పొట్లం ఎత్తుకుపోయింది. వాడి ఏడుపు షాంటీ కన్నా పెద్ద శ్రుతిలో సాగింది.

తిరిగొస్తుంటే కారులో పిల్లలకి మన హైలెస్సా నేర్పాను. పది నిమిషాలు బాగానే పాడారు. ఆ తర్వాత చిన్నది 'నాన్నా, ముందు పాడే లైను ఏంటి?' అని అడిగింది. నాకు గుర్తు రాలేదురా. జవాబు ఒక్కటే వచ్చు నాకు. మీ పెదనాన్న ఓపికగా ఉన్నప్పుడు పక్కన కూచుని ఫోనులో రికార్డు చేసి పంపు. బూతులు ఉంటే ఉండనీ, పిల్లలకి నేను చూసుకుంటాను.

నీ,
గోపి