చామనఛాయ ముఖం మీద టెస్ట్ స్పాట్ లేకుండా ఐపీఎల్ కాంతి చికిత్స ఎలా చేశారు?

కస్టమర్ కేర్ వారికి,

ముఖం బిగుతుగా అవుతుంది, ముడతలు తగ్గుతాయి అని చెప్పి మీ మారతహళ్ళి బ్రాంచిలో మా అమ్మకి ఆరు సిట్టింగుల ప్యాకేజీ అంటగట్టారు. రెండో సిట్టింగ్‌కే రెండు బుగ్గలూ కమిలిపోయాయి, మెషీన్ ఆనించిన చోటల్లా ఇప్పుడు నల్లటి పట్టీల్లా మచ్చలున్నాయి. బ్రాంచికి ఫోన్ చేస్తే కలబంద జెల్ రాయండి, అవే పోతాయి అంటున్నారు. అమ్మ వీడియో కాల్లో కూడా ముఖం చూపించడం లేదు.

బిల్లులో ‘లేజర్ టైటెనింగ్’ అని రాశారు. మీరు చేసింది ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్, అంటే చర్మం మీద బలమైన కాంతి మెరుపులు వేయడం), అది లేజర్ కాదు. లేజర్‌లో వచ్చేది ఒకే తరంగదైర్ఘ్యం, ఐపీఎల్‌లో దాదాపు 500 నుంచి 1200 నానోమీటర్ల దాకా కాంతి ఒక్కసారే వస్తుంది, మనిషి చర్మాన్ని బట్టి ఫిల్టరు, ఎనర్జీ మార్చుకోవాలి. ఆ కాంతిని చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లటి ముఖం మీదైతే వేడి ఎక్కువగా మచ్చలోకే పోతుంది, మా అమ్మలాంటి చామనఛాయ వాళ్ళకి పైచర్మమే ఆ వేడికి కాలుతుంది. చర్మాన్ని రంగు, ఎండకి కమిలే తీరుని బట్టి 6 రకాలుగా చూసే ఫిట్జ్‌ప్యాట్రిక్ పద్ధతి దశాబ్దాలుగా ఉంది. మీ వాళ్ళు అమ్మది ఏ రకమో రాసుకోలేదు, చెవి దగ్గర ముందుగా చిన్న చోట టెస్ట్ స్పాట్ వేసి చర్మం తట్టుకుంటుందో లేదో చూడలేదు, ఈమధ్య ఎండలో తిరిగారా అని కూడా అడగలేదు. మెలనిన్ తక్కువగా పీల్చుకునే 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ ఉందన్న మాటే ఎవరూ ఎత్తలేదు.

పైగా ఐపీఎల్ ముఖ్యంగా మచ్చలకీ, ఎర్రదనానికీ పనికొచ్చేది. సన్నని గీతలు కొంత తగ్గొచ్చేమో గానీ, జారిన దవడ కింద చర్మాన్ని అది పైకి లాగదు. చర్మాన్ని బిగుతుగా ఉంచే కొల్లాజెన్ కొత్తగా రావడానికే నెలలు పడుతుంది, అలాంటిది రెండు వారాల్లో పదేళ్ళు తగ్గుతాయని గోడ మీద అంత పెద్ద పోస్టర్ ఎలా పెట్టారండీ? మా అమ్మ దాన్ని నమ్మే డబ్బు కట్టింది.

ప్యాకేజీ డబ్బు మొత్తం వెనక్కి ఇవ్వండి, మచ్చలకి డెర్మటాలజిస్టు దగ్గర అయ్యే ఖర్చూ భరించండి. ఆ రోజు వాడిన మెషీన్ పేరు, ఫిల్టరు, ఎనర్జీ సెట్టింగు, చేసినవాళ్ళ అర్హత రాతపూర్వకంగా కావాలి, ఇవి లేకపోతే ఏం జరిగిందో డాక్టరుకి సరిగ్గా చెప్పలేకపోతున్నాం. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, 2019 వినియోగదారుల చట్టం కింద కమిషన్‌కి వెళ్తాం. ఫొటోలు, బిల్లు జత చేశాను. ఫోన్లో సర్దిచెప్పొద్దు, జవాబు ఈమెయిల్‌లోనే ఇవ్వండి.