చెల్లాయి కళ్ల ఆపరేషన్ గురించి నాన్నగారికి

న్యూజెర్సీ

పూజ్యులైన నాన్నగారికి నమస్కారములు.

సంబంధాలు చూడటం మొదలుపెట్టేలోపే చెల్లాయికి లేజర్ ఆపరేషన్ చేయించి కళ్లద్దాలు తీయించాలనుకుంటున్నట్టు అమ్మ ఫోనులో చెప్పింది. తేదీ ఖాయం చేసేముందు ఈ ఉత్తరం ఒకసారి నిదానంగా చదవండి.

కంటి ముందుభాగంలో అద్దంలా ఉండే కార్నియా మధ్యలో సుమారు అర మిల్లీమీటరు మందం మాత్రమే ఉంటుంది, కానీ వెలుగును వంచి కంటి వెనుక తెరలాంటి రెటీనా మీదికి చేర్చే పనిలో మూడింట రెండు వంతులు దానిదే. మైనస్ పవర్ ఉన్నవారికి బొమ్మ రెటీనాకు ముందే పడుతుంది కాబట్టి, పైపొరను మూతలా లేపి, కింద మధ్యభాగాన్ని లేజరుతో చెక్కి, ఆ వంపును కొంచెం చదును చేస్తారు. ఈ లేజరు ఒక్కో దెబ్బకు తీసేది మైక్రానులో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) నాలుగో వంతు మాత్రమే, అదీ చుట్టుపక్కల కాలకుండా. జీవకణజాలాన్ని ఇంత శుభ్రంగా కోయగలదని 1981లో ఐబీఎం ప్రయోగశాలలో కనుగొన్న ముగ్గురిలో మన మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ గారు ఒకరు. పండుగకు వండగా మిగిలిన టర్కీ కోడి మీద వారు ఆ పరీక్ష చేశారట.

అయితే చెక్కిన కార్నియా మళ్లీ పెరగదు. పవరులో ఒక్కో పాయింటుకు సుమారు 12 నుంచి 15 మైక్రాన్లు పోతాయి, మూతకు మరో నూటపది దాకా పోతాయి, అడుగున కనీసం 250 మిగలాలి. పోయిన ఏడాది నేనూ ఇక్కడ పరీక్షకు వెళ్లాను. నా కార్నియా 480 మైక్రాన్లు, పవరు మైనస్ ఎనిమిది. డాక్టరుగారు తెర మీద రంగుల పటం చూపించారు. అంతా పచ్చగా ఉండి, కింది అంచున మాత్రం గోరంత ఎర్రమచ్చ ఉంది. కార్నియా అక్కడ కొద్దిగా ఉబ్బిందని, లేజరు పెడితే ఇంకా ముందుకు సాగే ప్రమాదం ఉందని చెప్పి, వద్దన్నారు. ఆ రోజు చాలా నిరాశపడ్డాను కానీ ఆయన మాట విన్నందుకు ఇప్పుడు ఎంతో నిశ్చింతగా ఉన్నాను.

నా భయమల్లా ఇదే. కార్నియా ఇలా ఉబ్బే లక్షణం కొన్ని కుటుంబాల్లో వస్తుంది, కళ్లు గట్టిగా నలపడం దాన్ని పెంచుతుంది. మిర్చి సీజనులో యార్డు వైపు నుంచి ఘాటు వీచిన రోజుల్లో చెల్లాయి పుస్తకం ఒళ్లో పెట్టుకుని రెండు పిడికిళ్లతో కళ్లు నలుపుకోవడం మీకూ గుర్తుండే ఉంటుంది.

కాబట్టి అరండల్‌పేటలోనైనా, విజయవాడలోనైనా, మీరు నమ్మే డాక్టరుగారి దగ్గర ముందు కార్నియా మందం, టోపోగ్రఫీ (కార్నియా వంపులను రంగుల పటంగా చూపేది) పరీక్షలు చేయించండి. అంతకు రెండు వారాల ముందు నుంచే కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవడం మానమనండి, లేకపోతే కొలతలు తప్పుతాయి. ఏడాదిగా పవరు మారలేదని పాత చీటీలు చూపించండి. నా సంగతి కూడా డాక్టరుగారికి తప్పక చెప్పండి. ఆ రంగుల పటం వాట్సాప్‌లో పంపితే ఇక్కడి డాక్టరుగారికీ చూపిస్తాను. అన్నీ బాగున్నాయంటే ఆపరేషన్ ఖర్చు నేనే పంపుతాను.

అమ్మకు నమస్కారములు, చెల్లాయికి ఆశీస్సులు.

ఇట్లు,
మీ కుమారుడు